వార్డుకీ ప్రయోగశాలకీ మధ్య

(పోస్టుగ్రాడ్యుయేట్ వైద్య విద్యార్థులు, హౌస్ సర్జన్ల సమావేశంలో విశ్రాంత పాథాలజీ ఆచార్యులు ఒకరు చేసిన ప్రసంగానికి రాతరూపం.)

వేదిక మీదున్న పెద్దలకు, సహోద్యోగులకు, రాత్రి డ్యూటీ ముగించుకుని నిద్రైనా పోకుండా వచ్చి కూర్చున్న పీజీలకు, హౌస్ సర్జన్లకు నమస్కారం. వైద్య విద్యతో పాటు పరిశోధన పట్టా కూడా సంపాదించడం గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. నాకు ఆ రెండు పట్టాలూ ఉన్నాయని నిర్వాహకులు అనుకున్నారేమో తెలియదు. నాకున్నది ఎండీ ఒక్కటే. పీహెచ్‌డీకి పేరు నమోదు చేసుకున్నాను గానీ పూర్తి చేయలేదు. ఎందుకు చేయలేదో చివర్లో చెబుతాను. అందుచేత, ఆ దారి పక్కన నిలబడి, వెళ్ళేవాళ్ళనూ తిరిగివచ్చేవాళ్ళనూ నలభై ఏళ్ళపాటు చూసినవాడి మాటగానే దీన్ని తీసుకోండి.

మనకు తెలిసిన చోటుతోనే మొదలుపెడతాను. బేగంపేటలో రోనాల్డ్ రాస్ పనిచేసిన భవనం ఇప్పటికీ ఉంది. 1897 ఆగస్టు 20న, మలేరియా రోగి హుసేన్ ఖాన్ రక్తం తాగిన దోమను కోసి సూక్ష్మదర్శిని కింద పెట్టినప్పుడు, దాని కడుపు గోడలో రంగు రేణువులున్న కణాలు రాస్‌కు కనిపించాయి. మలేరియా పరాన్నజీవి దోమలో పెరుగుతుందనడానికి అది మొదటి ఆధారం. ఇంతవరకూ మనందరికీ తెలిసిందే. ఆ తర్వాత ఏమైందో మాత్రం తక్కువమంది చెప్పుకుంటారు. కొన్ని వారాలకే సైనిక వైద్యశాఖ ఆయన్ను రాజపుతానాలోని (ఇప్పటి రాజస్థాన్) ఖేర్వారాకు బదిలీ చేసింది. అక్కడ పనికి తగినంత మలేరియా లేదు. జీవితంలోకెల్లా పెద్ద ప్రశ్నకు సగం జవాబు చేతిలో పెట్టుకుని ఆయన నెలల తరబడి ఊరకే కూర్చోవలసి వచ్చింది. లండన్ నుంచి ఆయన గురువు పాట్రిక్ మాన్సన్ పట్టుబట్టి ఒత్తిడి తెస్తే, 1898 ఆరంభంలో ప్రత్యేక విధుల మీద కలకత్తాకు పంపారు. మిగతా సగం అక్కడ, పక్షుల మలేరియా మీద తేలింది. 1902లో నోబెల్ బహుమతి వచ్చింది.

రాస్‌కు పీహెచ్‌డీ లేదు. ఆయన చేతిలో నైపుణ్యం ఉంది, బుర్రలో ప్రశ్న ఉంది. లేనిదల్లా ఆ ప్రశ్నతో ఎవరూ కదపకుండా కూర్చోగల వ్యవధి. కలకత్తాలో దొరికింది అదే. పరిశోధన పట్టా వైద్యుడికి ఏమిస్తుందని ఎవరైనా అడిగితే నాకు ముందుగా ఖేర్వారా గుర్తుకొస్తుంది. పేరు పక్కన చేరే అక్షరాల సంగతి తర్వాత చూద్దాం. మూడు నాలుగేళ్ళు బదిలీ లేకుండా, డ్యూటీ రోస్టర్‌లో పేరు లేకుండా, ఒక ప్రశ్నతో ఉండిపోవడానికి సమాజం ఇచ్చే అనుమతి పత్రం అది. మిగతా నా మాటలన్నీ ఈ ఒక్క సంగతి చుట్టూనే తిరుగుతాయి.

అయితే వ్యవధి ఒక్కటే చాలదు. ఆ వ్యవధిలో మనసు వేరే రకంగా పనిచేయడం నేర్చుకోవాలి. మనకు ఎంబీబీఎస్ మొదటి రోజు నుంచీ నేర్పేది, ఉన్న కొద్దిపాటి ఆధారంతో త్వరగా తేల్చుకోవడం. రాత్రి 2 గంటలకు క్యాజువాల్టీకి కడుపునొప్పితో వచ్చిన మనిషి ముందు నిలబడి, ఇంకా నాలుగు పరీక్షల ఫలితాలు వస్తే గానీ ఏమీ చెప్పలేనని వైద్యుడు అంటే ఆ మనిషి చచ్చిపోతాడు. అందుకని మనం అనుభవాన్ని నమ్ముతాం, పెద్దల మాటను నమ్ముతాం, నిన్నటి రోగికి తగ్గిన మందును ఇవాళ్టి రోగికి రాస్తాం. అది తప్పు కాదు, వైద్యం అలాగే నడవాలి. పరిశోధన శిక్షణ దీనికి సరిగ్గా ఎదురు దిక్కున ఉంటుంది. ఆధారం చాలేవరకూ తేల్చవద్దంటుంది. మందు ఇవ్వకపోయినా ఆ రోగికి తగ్గేదేమో చూశావా అని అడుగుతుంది. నీ ఊహను కూల్చడానికి నువ్వే ఒక ప్రయోగం కట్టమంటుంది. నిర్ణయించే అలవాటు, నిర్ణయాన్ని వాయిదా వేసే అలవాటు, ఈ రెండూ ఒకే తలలో ఇమడాలంటే రెండింటికీ విడివిడిగా సాధన కావాలి. వారాంతపు వర్క్‌షాప్‌తో మొదటిది రానట్టే రెండోదీ రాదు.

మన దేశంలో ఈ జంట చదువు కొత్తదేమీ కాదు. కాలాజ్వరానికి యూరియా స్టిబమీన్ మందు తయారుచేసిన ఉపేంద్రనాథ్ బ్రహ్మచారి 1902లో ఎండీ, 1904లో పీహెచ్‌డీ, రెండూ కలకత్తా విశ్వవిద్యాలయం నుంచే పొందారు. మన ఎల్లాప్రగడ సుబ్బారావు గారి కథ మీకు వేరే చెప్పనవసరం లేదు. భీమవరంలో పుట్టి, మద్రాసు వైద్య కళాశాలలో చదివి, ఎంబీబీఎస్‌కు బదులు దానికంటే తక్కువదైన ఎల్ఎంఎస్‌తో బయటపడి, బోస్టన్ చేరి, ఆసుపత్రిలో కింది స్థాయి పనులు చేసుకుంటూ హార్వర్డ్‌లో 1930లో పీహెచ్‌డీ తీసుకున్నారు. నేను ఎత్తిచూపదలచుకున్నది ఒక్క సంగతి. ఆయన అన్నదమ్ములిద్దరు కొద్ది రోజుల తేడాలో స్ప్రూ వ్యాధితో పోయారు. రక్తహీనత, ఆగని విరేచనాలు, మనిషి కళ్ళెదుటే కరిగిపోవడం, ఇవన్నీ ఆయన ఇంట్లో చూశారు. ఇరవై ఏళ్ళకు పైగా గడిచాక లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నడిపిన బృందం, అలాంటి రక్తహీనతకు మందైన ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. ఆ ఆమ్లం పనిని అడ్డుకునే అమైనాప్టెరిన్ అక్కడి నుంచే సిడ్నీ ఫార్బర్‌కు వెళ్ళింది. 1948లో ఫార్బర్ ప్రచురించిన వ్యాసంలో రక్త క్యాన్సర్‌తో బాధపడుతున్న 16 మంది పిల్లల్లో 10 మందికి కొంతకాలం పాటు జబ్బు వెనక్కు తగ్గింది. అదే వంశంలోని మెథోట్రెక్సేట్‌ను మీరు ఇవాళ కూడా రాస్తున్నారు. ప్రశ్న పుట్టింది ఒక ఇంటి మంచం పక్కన. దాన్ని ప్రయోగశాలలో పట్టుకోగలిగే చేయి తయారైంది హార్వర్డ్‌లో. రెండింటిలో ఏది లేకపోయినా ఈ కథ లేదు.

శంభునాథ్ డే గురించి కొంచెం నిదానంగా చెబుతాను, ఆయనకు రావలసిన పేరు రాలేదు కాబట్టి. కలకత్తాలో వైద్యం చదివి, అక్కడే పాథాలజీ బోధిస్తూ, రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక లండన్ వెళ్ళి రాయ్ కామెరాన్ దగ్గర 1949లో పీహెచ్‌డీ చేశారు. అక్కడ ఆయన పనిచేసింది కలరా మీద కాదు. తిరిగి వచ్చాక తన కళ్ళెదుట ఆసుపత్రి నిండా కలరా రోగులు. జీవితాంతం ఆ ప్రశ్ననే పట్టుకున్నారు. కలరా క్రిమి ఒక విషాన్ని వదులుతుందని రాబర్ట్ కాక్ 1884 ప్రాంతంలోనే ఊహించాడు గానీ డెబ్భై ఏళ్ళు ఎవరికీ అది దొరకలేదు, ఎందుకంటే అందరూ దాన్ని రక్తంలో వెతికారు. డే కుందేలు చిన్నపేగులో కొంత భాగాన్ని రెండు చోట్ల దారంతో కట్టి, మధ్యలో కలరా క్రిములను ఎక్కించి చూశారు. ఆ ముక్క నీటితో ఉబ్బింది. 1953లో ఆ పద్ధతిని ప్రకటించారు. తర్వాత క్రిములను పూర్తిగా వడకట్టేసి, మిగిలిన ద్రవాన్ని మాత్రమే ఎక్కించినా పేగు అలాగే ఉబ్బుతుందని 1959లో నేచర్ పత్రికలో చూపించారు. దారం, సూది, కుందేలు, వడపోత. ఖరీదైన యంత్రం ఒక్కటీ లేదు. లండన్‌లో ఆయన నేర్చుకున్నది కలరా గురించి కాకపోయినా, ఒక ప్రశ్నను ప్రయోగంగా ఎలా మలచాలో అక్కడే నేర్చుకున్నారని నా నమ్మకం. పీహెచ్‌డీ విషయం ఏమిటన్నది అంత ముఖ్యం కాదని పిల్లలకు నేను చెప్పేది ఈయన్ను చూసే.

ఇక మరొకరు మన శ్రీకాకుళం వారు, వులిమిరి రామలింగస్వామి గారు. విశాఖపట్నం ఆంధ్ర వైద్య కళాశాలలో ఎంబీబీఎస్, 1946లో ఎండీ; 1951లో ఆక్స్‌ఫర్డ్‌లో డీఫిల్, అంటే అక్కడి పీహెచ్‌డీ. తర్వాత ఎయిమ్స్ సంచాలకులుగా, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) అధిపతిగా పనిచేశారు గానీ, నాకు ఆయన్ను తలచుకోగానే కాంగ్రా లోయ గుర్తుకొస్తుంది. హిమాలయ పాదాల్లోని ఆ లోయలో అయోడిన్ లోపంతో మెడ వాచే గాయిటర్, మన పాత మాటలో గళగండం, ఇంటింటా ఉండేది. 1956లో ఆయన బృందం లోయను మూడు మండలాలుగా విభజించి, రెండింటికి అయోడిన్ కలిపిన ఉప్పు, ఒకదానికి పొటాషియం అయోడైడ్ రూపంలో, మరొకదానికి అయోడేట్ రూపంలో, సరఫరా చేయించింది. మధ్య మండలానికి మామూలు ఉప్పే వెళ్ళింది. ఐదారేళ్ళ తర్వాత చూస్తే మొదటి రెండు చోట్లా గాయిటర్ బాగా తగ్గింది, మధ్యలో తగ్గలేదు. అప్పుడు ఆ మండలానికి కూడా అయోడిన్ ఉప్పు ఇచ్చారు. 1962లో జాతీయ గాయిటర్ నియంత్రణ కార్యక్రమం మొదలైంది. మీ వంటింట్లో ఉప్పు ప్యాకెట్ మీద కనిపించే అయోడైజ్డ్ అనే మాట వెనక ఆ లోయ ఉంది.

ఇందులో ఒక ఇబ్బందికరమైన ప్రశ్న ఉంది, దాన్ని దాటవేయను. మధ్య మండలంలోని వేలమందికి ఐదేళ్ళపాటు అయోడిన్ ఇవ్వకుండా ఉండటం వైద్యుడి మనసుకు సులభమా? వార్డులో పెరిగిన మనసు అందరికీ ఇచ్చేయమంటుంది. అందరికీ ఇచ్చేసి ఉంటే, తగ్గింది ఉప్పు వల్లనా, మెరుగుపడిన తిండి వల్లనా, కొత్తగా వచ్చిన రోడ్ల వల్లనా అని ప్రభుత్వాలు మరో ఇరవై ఏళ్ళు వాదించుకునేవి. ఆ ఇరవై ఏళ్ళలో అయోడిన్ అందక పుట్టే బిడ్డల మందబుద్ధికి బాధ్యులెవరు? ఇవాళ్టి నైతిక సంఘం ముందు ఆ పథకం యథాతథంగా నెగ్గుతుందని నేను అనను. కానీ ఈ రెండు గొంతుల్నీ ఒకే మనిషి లోపల వినవలసిన అవసరం ఎలాంటిదో అర్థం చేసుకోవడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

వీళ్ళంతా తమంతట తాము దారి వెతుక్కున్నారు. దాన్ని ఒక వ్యవస్థగా కట్టింది అమెరికా. క్లీవ్‌లాండ్‌లోని వెస్టర్న్ రిజర్వ్ విశ్వవిద్యాలయంలో 1956లో ఎండీ, పీహెచ్‌డీ కలిపి చదివే పథకం మొదలైంది. అక్కడ తొలి రోజుల్లో చేరినవారిలో ఫెరిడ్ మురాద్ ఒకరు. 1965లో రెండు పట్టాలూ ఒకేసారి పుచ్చుకున్నారు. నైట్రోగ్లిసరిన్ గుండెనొప్పిని ఎందుకు తగ్గిస్తుందన్న పాత చిక్కును నైట్రిక్ ఆక్సైడ్ దాకా లాగి 1998లో నోబెల్ పంచుకున్నారు. ఆ తర్వాత అదే పథకంలో చదివిన ఆల్ఫ్రెడ్ గుడ్‌మన్ గిల్‌మన్‌కు, బయటి సంకేతాలను కణం లోపలికి చేరవేసే జీ ప్రోటీన్ల మీద పనికి 1994లో నోబెల్ వచ్చింది. ఫార్మకాలజీ పీజీలు నవ్వుతున్నారు, వాళ్ళకు అర్థమైంది. మీరు దిండుగా కూడా వాడుకోగల ఆ లావుపాటి పాఠ్యగ్రంథం రాసిన ఇద్దరిలో ఒకరు ఈయన తండ్రి; రెండో ఆయన గుడ్‌మన్ మీది స్నేహంతో కొడుక్కి ఆ పేరు పెట్టారు.

1964లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ దీనికి ప్రభుత్వ నిధులు ఇవ్వడం ప్రారంభించింది. మొదట ఐన్‌స్టైన్ వైద్య కళాశాల, న్యూయార్క్ విశ్వవిద్యాలయం, నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయం, ఈ మూడింటికే. ఇప్పుడు అలాంటివి యాభైకి పైగా ఉన్నాయి. నడిచే తీరు చాలావరకు ఒకటే. రెండేళ్ళు వైద్యశాస్త్ర ప్రాథమిక పాఠాలు; తర్వాత విద్యార్థి తన తరగతిని వదిలి ప్రయోగశాలకు వెళ్ళి మూడు నుంచి ఐదేళ్ళలో పీహెచ్‌డీ ముగిస్తాడు; తిరిగి వచ్చి రెండేళ్ళు వార్డుల్లో పనిచేసి ఎండీ పూర్తి చేస్తాడు. మొత్తం దాదాపు ఎనిమిదేళ్ళు. వాళ్ళ ఎండీ మన ఎంబీబీఎస్‌తో సమానమని మరచిపోకండి; ఆ తర్వాత రెసిడెన్సీ ఇంకా మిగిలే ఉంటుంది. అసలు కీలకం డబ్బులో ఉంది. ఈ పథకంలో చేరిన విద్యార్థికి రెండు చదువుల ఫీజూ మాఫీ చేసి, పైన జీవన భృతి ఇస్తారు. మామూలుగా ఎండీ చదివే అమెరికా విద్యార్థి అప్పు తీసుకుంటే, బయటికి వచ్చేసరికి అది దాదాపు రెండు లక్షల డాలర్లకు చేరుతుంది. అప్పుతో బయటపడినవాడు ప్రశ్నల వెంట పోడు, జీతం వెంట పోతాడు; ఆ సంగతి గ్రహించిన ప్రభుత్వం వ్యవధిని డబ్బు పెట్టి కొంది.

ఆ పథకానికీ లోపాలున్నాయి. నాలుగేళ్ళు ఎలుకలతో గడిపి వార్డుకు తిరిగి వచ్చినవాడికి స్టెతస్కోపు పట్టడం కొత్తగా ఉంటుంది. తనతో చేరినవాళ్ళు అప్పటికి రెసిడెంట్లుగా తనకు పనులు పురమాయిస్తుంటారు. ప్రయోగశాలలో పదును పెట్టుకున్న కత్తి రెసిడెన్సీ ఏళ్ళలో మళ్ళీ తుప్పు పడుతుంది. సొంతంగా పెద్ద పరిశోధన నిధి చేతికి వచ్చేసరికి నలభై దాటుతుంది. పథకం మొదలైన పదిహేనేళ్ళకే, 1979లో, తర్వాత జాతీయ ఆరోగ్య సంస్థకు అధిపతి అయిన జేమ్స్ విన్‌గార్డెన్, రోగుల మధ్య పరిశోధన చేసే వైద్యుడు అంతరించిపోయే జాతిలా ఉన్నాడని రాశారు. ఆ ఆందోళన అక్కడ ఇప్పటికీ తీరలేదు.

ఇంకో సంగతి ఈ కథను తలకిందులు చేస్తుంది. మైకేల్ బ్రౌన్, జోసెఫ్ గోల్డ్‌స్టైన్ అనే ఇద్దరు బోస్టన్ మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రిలో హౌస్ సర్జన్లుగా స్నేహితులయ్యారు. ఇద్దరికీ ఎండీ తప్ప మరో పట్టా లేదు. అప్పుడు వియత్నాం యుద్ధం. వైద్యులను కూడా సైన్యంలోకి తప్పనిసరిగా తీసుకునేవారు. జాతీయ ఆరోగ్య సంస్థలో రెండేళ్ళు పనిచేసినా ఆ బాధ్యత తీరినట్టే లెక్క. 1968లో ఇద్దరూ అలా అక్కడ చేరి, ఆసుపత్రిలో రోగులను చూస్తూనే, ఒకరు మార్షల్ నిరెన్‌బర్గ్ దగ్గర, మరొకరు ఎర్ల్ స్టాడ్‌మన్ దగ్గర ప్రయోగశాల పని నేర్చుకున్నారు. వంశపారంపర్యంగా కొలెస్టరాల్ విపరీతంగా పెరిగి, చిన్నతనంలోనే గుండెపోటుకు గురైన పిల్లలను చూసింది అక్కడే. డల్లస్ వెళ్ళాక ఆ పిల్లల చర్మ కణాలను పెంచి, కొలెస్టరాల్‌ను కణంలోకి లాగే గ్రాహకం వాళ్ళలో లేదని తేల్చారు. 1985లో నోబెల్ పంచుకున్నారు. అదే కాలంలో అదే సంస్థలో శిక్షణ పొందిన రాబర్ట్ లెఫ్కోవిట్జ్‌కు 2012లో వచ్చింది. ఆయనకూ పీహెచ్‌డీ లేదు. యుద్ధం తప్పించుకోవడానికి వచ్చిన యువ వైద్యుల నుంచి ఇంత పని ఎలా పుట్టిందని చరిత్రకారులు ఇప్పటికీ రాస్తున్నారు. నా మట్టుకు నాకు జవాబు తేలికే: పదునైన పిల్లలు, కఠినమైన గురువులు, పక్క భవనంలోనే రోగులు, రెండేళ్ళు కదపని కాలం. పట్టా లేకుండానే పట్టా ఇవ్వవలసినవన్నీ వాళ్ళకు అందాయి.

పట్టా ఉండి, వ్యవధి లేకపోతే? మన సంగతికి వద్దాం.

మన దేశంలో ఎండీ, ఎంఎస్ చేసే ప్రతి ఒక్కరూ థీసిస్ రాయాలి. పరిశోధన పద్ధతుల మీద చెన్నైలోని జాతీయ ఎపిడెమియాలజీ సంస్థ వారి ఆన్‌లైన్ కోర్సు పూర్తి చేయాలి. అధ్యాపకులకు పదోన్నతి కావాలంటే పత్రాలు అచ్చయి ఉండాలి. కాగితం మీద చూస్తే ప్రపంచంలో మనంత పరిశోధక వైద్య జాతి మరొకటి లేదు! నా థీసిస్ సంగతి చెబుతాను. విభాగంలో ఒక జాబితా ఉండేది. వరస ప్రకారం నాకొక శీర్షిక వచ్చింది. అరవై స్లైడులు సేకరించాను, పట్టికలు వేశాను, అంతకు ముందు సంవత్సరపు థీసిస్‌లోని సమీక్షాధ్యాయాన్ని ముందు పెట్టుకుని నా సమీక్ష రాశాను. ఒక్క ప్రశ్న కూడా నాది కాదు. చాలా ఏళ్ళ తర్వాత గ్రంథాలయంలో వేరే దేనికోసమో వెతుకుతుంటే ఆ నీలి అట్ట దొరికింది. పురుగులు తప్ప దాన్ని చదివినవాళ్ళు ఎవరూ ఉన్నట్టు లేదు. అందులో నా గైడ్ తప్పు ఎంతో నా తప్పు అంతకంటే ఎక్కువ, ఎందుకంటే నా తర్వాత ముప్ఫై మంది విద్యార్థుల చేత నేనూ దాదాపు అలాంటివే రాయించాను. నూరుమంది చేత బలవంతాన థీసిస్ రాయించే బదులు, నిజంగా కావాలన్న ఐదుగురికి మూడేళ్ళ కాలం, సరైన గురువు, తగిన జీతం ఇచ్చి, తక్కిన తొంభై ఐదుగురినీ మంచి వైద్యులుగా మాత్రమే తయారు చేయడం దేశానికి చవక. దీనికి నాతో విభేదించేవారు ఈ వేదిక మీదే ఉన్నారు, వారి వాదన కూడా మీరు వినాలి.

మరి ఆ ఐదుగురికి ఇప్పుడు ఎదురయ్యే లెక్క ఏమిటి? పద్దెనిమిదేళ్ళకు ఎంబీబీఎస్‌లో చేరితే, నాలుగున్నరేళ్ళ చదువు, ఒక ఏడాది ఇంటర్న్‌షిప్ కలిపి ఇరవై నాలుగు. పీజీ ప్రవేశ పరీక్ష నీట్‌కు ఒకటో రెండో ఏళ్ళు. ఎండీ మూడేళ్ళు. ఇరవై తొమ్మిది వచ్చేసరికి పట్టా చేతికొస్తుంది, అప్పుడు ప్రభుత్వ సర్వీసు బాండు ఉంటే అది తీర్చాలి. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి కనీసం మూడేళ్ళు, గరిష్ఠం ఆరేళ్ళు. జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు, సీనియర్ అయితే 42,000. ఎండీ చేసిన మనిషికి జిల్లా కేంద్రంలో చిన్న నర్సింగ్ హోమ్ ఎంత ఇస్తుందో మీలో ప్రతి ఒక్కరికీ నాకంటే బాగా తెలుసు. ఇంటి దగ్గర నాన్నగారు పొలం అమ్మి సీటు కొని ఉండవచ్చు, చెల్లెలి పెళ్ళి ఉండవచ్చు. అమ్మాయిల విషయంలో ఇంకో భారం ఉంది: పీహెచ్‌డీ ఏళ్ళూ పిల్లల్ని కనే ఏళ్ళూ ఒకటే, ప్రయోగశాలలో ప్రసూతి సెలవు అడిగితే ముఖం చిట్లించే గైడ్లను నేను చూశాను. ఇదంతా లెక్క చూసుకుని వద్దనుకున్నవాడిని స్వార్థపరుడనడం మన పెద్దలకున్న దురలవాటు. లెక్క తప్పుగా ఉంది గానీ వాడు తప్పుగా లెక్కవేయలేదు.

ఈ లెక్కను మార్చే ప్రయత్నాలు కొన్ని జరుగుతున్నాయి. బయోటెక్నాలజీ విభాగం, వెల్‌కమ్ ట్రస్ట్ కలిసి 2008లో స్థాపించిన ఇండియా అలయన్స్ కార్యాలయం మన హైదరాబాద్‌లోనే ఉంది. వైద్యులకు విడిగా ఫెలోషిప్పులు ఇస్తుంది. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థకు (ఐఐఎస్‌సీ) 2022లో రెండు కుటుంబాలు కలిసి 425 కోట్ల రూపాయలు ప్రకటించాయి. పరిశోధన చేసే వైద్యులను తయారుచేయాలన్న ఉద్దేశంతో అక్కడ వైద్య పాఠశాల, ఆసుపత్రి తలపెట్టారు. మంచిదే. అయితే ఒక కొత్త ప్రాంగణం కట్టడం కంటే, ఉన్న ప్రాంగణాల మధ్య తలుపులు తెరవడం తేలిక కదా అని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది. తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ, దాని దగ్గర్లోనే హబ్సిగూడలో కణజీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ, అక్కడి నుంచి ఆటోలో కొద్దిసేపట్లో గాంధీ ఆసుపత్రి. ఈ మూడింటి మధ్యా ఎంతమంది పీజీలు తిరుగుతున్నారు?

ఒకప్పుడు తిరిగారు. 1950ల చివర్లో కూనూరు నుంచి పోషకాహార ప్రయోగశాలలు, అంటే ఇప్పటి జాతీయ పోషకాహార సంస్థ, హైదరాబాద్‌కు తరలివచ్చాయి. అక్కడి సి. గోపాలన్ గారు మద్రాసులో ఎండీ, లండన్‌లో పీహెచ్‌డీ చేసినవారు. పెల్లాగ్రా మొక్కజొన్న తినేవాళ్ళ జబ్బని పుస్తకాల్లో ఉండేది. ఎండ తగిలే చోట చర్మం నల్లబడి పొలుసులు లేచి, విరేచనాలతో, మతి చలించి ఇక్కడి ఆసుపత్రులకు వచ్చిన రైతు కూలీలు మాత్రం తినేది జొన్న. పుస్తకాన్ని నమ్మే వైద్యుడైతే నియాసిన్ విటమిన్ ఇచ్చి పంపేసేవాడు. గోపాలన్, శ్రీకాంతయ్య గార్లు జొన్నలో ఏముందని అడిగి, లూసిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువగా ఉండటం దీనికి కారణమని 1960లో ప్రతిపాదించారు. ఆ వాదం మీద తర్వాత ఎన్నో చర్చలు నడిచాయి, నడవనివ్వండి. కేస్ షీట్‌లో ఆహారం అనే గడిని శ్రద్ధగా నింపినవాళ్ళకే ఆ ప్రశ్న దొరికింది.

రెండు పట్టాలూ ఒకే మనిషికి ఉండి తీరాలని కూడా నేను అనను. మన ఎల్‌వీ ప్రసాద్ నేత్ర సంస్థలో కంటి శస్త్రవైద్యుడు వీరేందర్ సాంగ్వాన్, సీసీఎంబీ నుంచి వచ్చిన జీవరసాయన శాస్త్రవేత్త డి. బాలసుబ్రమణియన్ కలిసి పనిచేశారు. రసాయనాలు పడి నల్లగుడ్డు అంచున మూలకణాలు చనిపోయినవారికి, ఆరోగ్యంగా ఉన్న కన్ను నుంచి తీసిన చిన్న ముక్కను మొదట ప్రయోగశాలలో పెంచి అతికించేవారు. తర్వాత, 2012లో ప్రచురించిన పద్ధతిలో, ఆ ముక్కనే చిన్న చిన్న తునకలు చేసి ఉమ్మనీటి పొర మీద నేరుగా కంటిలోనే పరచి పెంచారు; ఖరీదైన ప్రయోగశాల అవసరమే తప్పిపోయింది. కోవిడ్ ఎంఆర్‌ఎన్‌ఏ టీకాకు దారి వేసిన జంట కూడా అలాంటిదే: కాటలిన్ కారికోది జీవరసాయనంలో పీహెచ్‌డీ, డ్రూ వైస్‌మన్‌కు ఎండీ, పీహెచ్‌డీ రెండూ ఉన్నాయి. పక్కవాడి భాష వినగలిగేవాడు జంటలో ఒక్కడైనా ఉండాలి.

నా సమయం అయిపోయిందని అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. ఒక్క ప్రశ్నకు అవకాశం ఇచ్చారు.

(ఒక హౌస్ సర్జన్: సార్, ఎంబీబీఎస్ అవగానే పీహెచ్‌డీలో చేరమంటారా, ఎండీ అయ్యాక చేరమంటారా?)

నీకు జీవశాస్త్రమే ప్రాణమైతే, రోగిని చూడకపోయినా లోటు అనిపించదనుకుంటే, ఇప్పుడే చేరమ్మా. ఎంబీబీఎస్ అర్హతతోనే పరిశోధన ఫెలోషిప్ పరీక్ష సీఎస్‌ఐఆర్ నెట్ రాయవచ్చు, పెద్ద పరిశోధన సంస్థలు మనవాళ్ళను చేర్చుకుంటాయి. రోగిని వదలలేనంటే ఎండీ తర్వాతే వెళ్ళు. రామలింగస్వామి గారు వెళ్ళింది అప్పుడే. అప్పటికి నీకు నీ సొంత ప్రశ్న ఒకటి దొరికి ఉంటుంది, తిరిగి రావడానికి ఒక విభాగం ఉంటుంది. చేరేముందు మాత్రం గైడ్‌ను మూడు సంగతులు అడుగు. ఇంతకు ముందు మీ దగ్గర చేరిన వైద్యులు ఇప్పుడు ఏం చేస్తున్నారు? ఐదేళ్ళకు ఫెలోషిప్ అయిపోయి పని మిగిలితే నా జీతం ఎవరిస్తారు? వారంలో ఓపీ ఎన్ని రోజులు, ప్రయోగశాల ఎన్ని రోజులు? మూడోదానికి జవాబు నోటి మాటగా ఒప్పుకోవద్దు, విభాగాధిపతి సంతకంతో కాగితం మీద తీసుకో.

నా పీహెచ్‌డీ గురించి చివర్లో చెబుతానన్నాను కదా. ఉద్యోగంలో ఉంటూనే పార్ట్‌టైమ్‌గా నమోదు చేసుకున్నాను. మంగళ, శుక్రవారాలు ప్రయోగశాలకు వెళ్ళమని చెప్పారు. మొదటి మంగళవారం బయాప్సీలు ఎక్కువ వచ్చాయి. శుక్రవారం తనిఖీ బృందం వచ్చింది. తర్వాతి మంగళవారం సహోద్యోగి సెలవు పెట్టారు. అలా నాలుగేళ్ళు గడిచాక నమోదు గడువు తీరిపోయిందని విశ్వవిద్యాలయం నుంచి ఉత్తరం వచ్చింది. ఎవరినీ తప్పు పట్టడానికి లేదు. బయాప్సీలు నిజంగానే చూడవలసినవి. నేను ఆ కాగితం అడగలేదు, అలాంటిది అడగవచ్చని అప్పుడు నాకు తెలియదు.